ఎడమ చీలమండ మీది బుడిపె

జూన్ 3

బాతుకి,

నేను బాగానే ఉన్నాను. మీ అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి. నీ పని ఎలా ఉంది.

ఈ ఏడు కొలతకి రాలేనని రాశావు. ప్రయోగశాలలో సెలవు దొరకదన్నావు. సరే. కొలతలు పంపితే బూట్లు కుట్టి పంపుతాను. గట్టి కాగితం మీద రెండు కాళ్ళూ ఆనించి నిలబడి, ఎవరిచేతనైనా చుట్టూ గీత గీయించు. పెన్సిలు నిటారుగా పట్టుకోమను. లోపలికి వాలితే కాలు చిన్నదైపోతుంది. తర్వాత సన్నటి కాగితం పట్టీ చుట్టి, వేళ్ళ దగ్గర, పాదం మధ్యన, మడమ చుట్టూ, బుడిపె మీద కొలిచి, అంచున గాటు పెట్టమను. అంకెలు వద్దు. నీ పాత పట్టీ నా దగ్గర ఉంది. పక్కన పెట్టి చూసుకుంటాను.

ఇంకొక మాట. పోయిన నెల చుట్టాలింట్లో అందరం కూర్చుని ఉండగా మీ అమ్మ మళ్ళీ ఆ సంగతి ఎత్తింది. "మా అన్న దీనికి మొదటి జత బూట్లు కుట్టాడు, ఆ ఏడే దీని కాలికి బుడిపె లేచింది" అంది. నవ్వుతూనే అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నీకు ఆరేళ్ళప్పటినుంచీ, నీ నడక చూసి నేను బాతు అని పిలవడం మొదలుపెట్టినప్పటినుంచీ, అంటూనే ఉంది. 

నువ్వు ఎముకలు పరీక్ష చేసే చోట పని చేస్తున్నావు. ఇలాంటి బుడిపె ఎక్కడ మొదలవుతుందో మీ డాక్టరమ్మని అడిగి రాయి. మీ అమ్మతో వాదించడానికి కాదు. నాకే తెలుసుకోవాలని ఉంది. బూటు వల్ల అయితే బూటు వల్లే అని రాయి.

ఫోను చెయ్యకు. ఫోనులో నాకు మాట రాదని నీకు తెలుసు.

మామయ్య


జూన్ 14

మామయ్యకి నమస్కారం.

నీ ఉత్తరం అమ్మ కంటే ముందు నా చేతికే వచ్చింది. మంచిదైంది. ఆవిడ చేతికి వెళ్ళుంటే ఈ జవాబు కూడా ఆవిడే రాసేది. మోకాళ్ళు ఫర్వాలేదు. నోరు ఎప్పటిలాగే ఉంది.

పట్టీ, పాదాల గీతలు ఇందులోనే పెట్టాను. మా దగ్గర గాజు పలకల మీది ఎముక ముక్కలకి రంగులు వేసే అమ్మాయి కొలిచింది. నేను బల్ల పక్కన చెప్పుల్లేకుండా నిలబడి "పెన్సిలు నిటారుగా, నిటారుగా" అంటుంటే, "ఏమ్మా, గుర్రానికి కొట్టినట్టు నీకు నాడాలు కొట్టిస్తారా" అంది.

ఇక నువ్వడిగింది. డాక్టరమ్మని అడిగితే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇన్నేళ్ళుగా ఆవిడ చేస్తున్న పని అదే. ప్రాణానికి హాని చెయ్యని ఎముక గడ్డలు మొట్టమొదట ఏ కణంలో మొదలవుతాయి అన్నది. ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తున్నట్టుంది. టీ చల్లారిపోయినా లేవలేదు.

నాకు అర్థమైనంత రాస్తాను. పిల్లల ఎముకకి చివర్లో, కీలుకి కాస్త ఇవతల, మెత్తటి పొర ఒకటి ఉంటుంది. చెవి డిప్ప పట్టుకుని చూసుకో, అలాంటిదే. ఎముక పొడుగు పెరిగేది అక్కడే. ఆ పొరలో కణాలు పళ్ళాలు పేర్చినట్టు ఒకదానిమీద ఒకటి నిలువుగా వరస కట్టి ఉంటాయి. వరస పొడుగవుతుంది, వెనకాల ఉన్నది గట్టిపడి ఎముక అవుతుంది. ఎప్పుడో, ఆ పొర అంచున ఉన్న కణం ఒకటి దిక్కు తప్పుతుంది. నిలువుగా పెరగవలసింది పక్కకి తిరుగుతుంది. అది కూడా ఎముకే కడుతుంది, పద్ధతిగానే కడుతుంది, కాకపోతే వేరే వైపుకి. అదే బుడిపె. పైన మెత్తటి టోపీ, కింద మామూలు ఎముక. ఆ మొదటి కణం పొరలోదా, పొర చుట్టూ ఉండే సన్నటి తొడుగులోదా అన్నదాని మీద పెద్ద పెద్ద వాళ్ళు ఇంకా పోట్లాడుకుంటున్నారట.

నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. బుడిపెలో ఉన్నవన్నీ దిక్కు తప్పిన కణాలు కావట. అవి కొన్నే. మిగతావన్నీ మామూలువే. పక్కనే ఉన్నందుకు వాటి వెంట వెళ్ళాయి, అంతే.

కాబట్టి మామయ్యా, ఇది లోపలి నుంచి వచ్చింది. బయట నుంచి ఎవరూ పెట్టింది కాదు. స్నానం చేయిస్తుంటే అమ్మ చేతికి తగిలేటప్పటికే అది ఎంతోకాలంగా పెరుగుతూ ఉండాలి. నువ్వు నా మొదటి జతకి తోలు కొయ్యకముందే మొదలై ఉంటుంది. డాక్టరమ్మ మాటే రాస్తున్నాను: "బూటుకీ దీనికీ సంబంధం లేదని మీ మామయ్యకి నా పేరు చెప్పి రాయి."

నువ్వు ఎప్పుడో అనేవాడివి, నా బుడిపె ఏటేటా పైకి జరుగుతోందని. అది నిజమేనట. బుడిపె ఉన్నచోటే ఉంటుంది, దాని కింద ఎముక పొడుగవుతుంది. అందుకని పిల్ల ఎదిగేకొద్దీ అది కీలుకి దూరమవుతుంది. పిల్ల ఎదగడం ఆగితే ఇదీ ఆగుతుంది. పెద్దయ్యాక మళ్ళీ పెరిగితేనే డాక్టర్లు కంగారు పడతారు. నాది ఆగి ఇరవై ఏళ్ళు దాటింది.

ఇంక అమ్మ అన్నప్పుడు నువ్వూ నవ్వక్కర్లేదు.

నీ బాతు


జూన్ 29

బాతుకి,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదోనని పక్క కొట్టు గడియారాలాయన చేత పైకి చదివించుకున్నాను. ఆయన అద్దం కన్నుమీద నుంచి తీసి "నీ బూటు మీద కేసు కొట్టేశారయ్యా" అన్నాడు. ఆ రోజు ఇద్దరం పని మానేసి కొట్టు ముందు కూర్చున్నాం.

బుడిపె జరిగే సంగతి. నీ కాలికి చెక్కిన చెక్క అచ్చు మీద బుడిపెకి గుర్తుగా తోలు బిళ్ళ అతికిస్తాను కదా. దానిమీద బూటు కుడితే ఆ మేరకి లోపల చోటు వస్తుంది. ఏటేటా ఆ బిళ్ళ పైకి జరపవలసి వచ్చేది. ప్రతిసారీ, అంతకుముందు ఏడు తప్పు అతికించానేమో అనుకునేవాణ్ణి. నా తప్పు కాదన్నమాట.

వెంట వెళ్ళిన మామూలు కణాల సంగతి రాశావు. పాపం వాటికేం తెలుసు.

బూట్లు ఆలస్యం అవుతాయి. తోలు నచ్చలేదు.

బుడిపె దగ్గర ఇంకొకసారి కొలిచి పంపు. పొద్దున్న లేవగానే కొలిపించు. కాగితం వదులుగా ఉండకూడదు. ఆ అమ్మాయి కాక ఇంకెవరైనా కొలిస్తే మంచిది.

అన్నం సరిగ్గా తింటున్నావా. బరువేమైనా తగ్గావా.

మామయ్య


జూలై 9

మామయ్యకి,

ఈసారి అమ్మ చేత కొలిపించాను. పొద్దున్న, మంచం దిగకుండానే. కళ్ళజోడు వెతుక్కుంటూ "కాలు ఇదే, కొలిచేవాళ్ళం మారాలిట, ఇదేం చాదస్తం" అని గొణుక్కుంటూ కొలిచింది. మొదటి పట్టీకి నకలు ఒకటి ఉంచుకున్నాను, రెండూ పక్కన పెట్టి చూశాను. తేడా లేదు.

బరువు తగ్గలేదు. తగ్గితే బాగుండునని అందరూ అంటున్నారు.

మామయ్యా, ఒక మాట అడుగుతాను, మరోలా అనుకోకు. నీ నోట తోలు నచ్చలేదన్న మాట నేను వినలేదు. చినిగిన తోలు సంచి తెచ్చి ఇచ్చినా దానిలోంచి జోడు తీసేవాడివి. నీకు ఓపిక తగ్గుతోందా. చూపు ఆనడం లేదా. అలా అయితే చెప్పు. నేనేమీ అనుకోను.

నేనూ ఒక సంగతి చెప్పాలి. ఈ బుడిపె తీయించేసుకుందామనుకుంటున్నాను. మా దగ్గరికి పరీక్షకి ముక్కలు పంపే ఎముకల డాక్టరే చేస్తాడు. చిన్న పనేట, చివర్లో నాలుగు కుట్లు. ఆగస్టు ఆఖర్న రమ్మన్నాడు. రోజంతా బల్ల దగ్గర నిలబడే పని కదా నాది, ఇది లేకపోతే హాయిగా ఉంటుంది. ఆ తర్వాత కొట్లో దొరికే బూట్లే సరిపోతాయి. నీకూ ఈ శ్రమ తప్పుతుంది. కాబట్టి తోలు గురించి బెంగ పెట్టుకోకు. ఈ ఏడు జత కుట్టకపోయినా ఫర్వాలేదు.

అమ్మ అడగమంది, దగ్గు తగ్గిందా అని.

నీ బాతు


జూలై 20

బాతుకి,

దగ్గు తగ్గింది.

తోలు బాగానే ఉంది. నేను అబద్ధం రాశాను. జూన్‌లో వచ్చిన నీ కొత్త పట్టీ పాత పట్టీ పక్కన పెట్టాను. మిగతా మూడు గాట్లూ కలిశాయి. బుడిపె దగ్గర గాటు చిటికెన వేలు మందాన దాటిపోయింది. అందుకే మళ్ళీ కొలవమన్నాను. మళ్ళీ అంతే వచ్చింది.

పెద్దయ్యాక పెరిగితే డాక్టర్లు కంగారు పడతారని నువ్వే రాశావు. తర్వాత ఉత్తరంలో కోయించుకుంటానని రాశావు. ఎందుకు కోయించుకుంటున్నావో రాయలేదు. హాయిగా ఉంటుందని రాశావు. ఇన్నేళ్ళూ లేని హాయి ఇప్పుడెందుకు కావలసివచ్చింది.

నా దగ్గర దాచకు. నేను ముసలివాణ్ణి, కానీ విన్నంత మాత్రాన పడిపోయేవాణ్ణి కాను. అది చెడ్డదిగా మారిందా. మీ అమ్మకి తెలుసా. నిన్ను ఎత్తుకుని తిప్పినవాణ్ణి నేను.

రమ్మంటే బస్సెక్కి వస్తాను. అక్కడ నేనేం మాట్లాడను. ఒక మూల కూర్చుంటాను.

గడియారాలాయనకి కూడా చెప్పలేదు.

మామయ్య


జూలై 28

మామయ్యా,

నీ ఉత్తరం చదివాను. ఇన్ని రోజులు ఇది మనసులో పెట్టుకుని ఎలా ఉన్నావు. తోలు నచ్చలేదంటే నేనేమో, బుడిపె బయటనుంచి వచ్చింది కాదని రాసినందుకు మనసు తేలికై పని మీద ధ్యాస పోయిందేమో, వయసు మీద పడిందేమో అనుకున్నాను. నీ బెంగ నాకు తట్టనేలేదు.

ముందు ఇది చదువు. అది చెడ్డది కాదు. నేను కోయించుకుంటానన్నది అందుకు కాదు. నీ ఉత్తరం రాగానే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి పట్టీ సంగతి చెప్పాను. ఆవిడ ఆ రోజే పెద్ద స్కానింగ్ తీయించింది. ఎముక ఎప్పుడు ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. పైన ఉండే మెత్తటి టోపీ మందం పెరిగితే భయపడాలి, నాది పల్చగా కాగితంలా ఉంది. ఆవిడ తెర మీద చూపిస్తూ "నిద్రపోతోంది ఇది, లేపకండి" అంది.

పెరిగింది ఎముక కాదు. బుడిపెకీ చర్మానికీ మధ్య చిన్న నీటి సంచి కట్టింది. రాపిడి ఉన్నచోట ఒళ్ళే అలా కట్టుకుంటుందట, మెత్తగా ఉంటుందని. నీ పట్టీలో దాటిపోయిన గాటు అదే. ప్రాణాపాయం లేదు. తగ్గిపోతుంది. ఆపరేషను చేసేటప్పుడు దాన్నీ తీసేస్తారు.

నువ్వు బస్సెక్కకు. ఈ వానల్లో వద్దు. అమ్మకి నీ ఉత్తరం చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.  తర్వాత లేచి వంటింట్లోకి వెళ్తూ "ముసలాడు తిండి మానేసుంటాడు" అంది.

తిను మామయ్యా.

నీ బాతు


ఆగస్టు 6

బాతుకి,

తిన్నాను. మంచి కబురు రాశావు.

దేనికి రాసుకుని నీటి సంచి కట్టింది. అది రాయలేదు.

మీ బల్ల కింద కమ్మీ ఉందా. కుర్చీ కాలా. నువ్వు పని చేసే చోట అంత ఎత్తున తగిలేది ఏమిటి. నేను రోజూ ఆలోచిస్తున్నాను. ఆ ఎత్తుకి వచ్చేది నాకొకటే తోస్తోంది.

కిందటేడు కుట్టిన జత పార్సెల్లో పంపు. తుడవకు. ఎలా ఉన్నవి అలాగే పంపు.

మామయ్య


ఆగస్టు 13

మామయ్యకి,

బూట్లు పంపాను. నీకు ఈ ఉత్తరం ముందు అందుతుందో, అవి ముందు అందుతాయో తెలియదు. ఉత్తరమే ముందు అందాలని కోరుకుంటున్నాను. ఎందుకంటే ఎడమ బూటులో దూది ఉంటుంది. నువ్వు చెయ్యి పెడితే తగులుతుంది. అది అమ్మ పెట్టింది.

నీకు తోచిందే నిజం. కిందటేడు బూట్లు తొడిగిన మొదటి రోజు నుంచే నొప్పి. లోపలి కుట్టు సరిగ్గా బుడిపె మీదికి వచ్చింది. తోలు కదా, వాడితే సాగుతుందనుకున్నాను. సాగలేదు. రెండు మేజోళ్ళు వేసుకున్నాను. గుడ్డ పట్టీ కట్టుకున్నాను. ఇంటికి రాగానే మెట్ల మీదే విప్పేదాన్ని. ఒకరోజు అమ్మ చూసింది.

ఆవిడ కేకలేస్తుందనుకున్నాను. ఇన్నేళ్ళూ ఆవిడ అంటున్నది ఇదే కదా, నీ బూటు వల్లే అని. ఇప్పుడు చేతికి సాక్ష్యం దొరికింది. ఆవిడ బూటు తీసుకుని లోపల వేలు పెట్టి చూసి, తలుపు వేసి వచ్చి, "మా అన్నకి చెప్పావంటే ఊరుకోను" అంది. "చెప్పకపోతే నడిచేదెలా" అంటే, "వాడికి చెప్తే తోలు కుట్టే ఆరె కింద పెట్టేస్తాడు. మళ్ళీ ముట్టుకోడు. నాకు తెలుసు వాడి సంగతి" అంది. ఆ తర్వాత దూది తెచ్చి కూరింది.

"మరి చుట్టాల ముందు అంటావుగా" అని అడిగాను. "అది వేరు. అది ఊరికే అంటాను. అది నిజమని నేనెప్పుడనుకున్నాను" అంది. అనుకోలేదట మామయ్యా. ఆవిడకది పొద్దుపోక అనే మాట. నీకెలా ఉంటుందో ఆలోచించలేదు.

జూన్‌లో నువ్వు రాసిన ఉత్తరం నాకు పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. బూటు వల్ల అయితే బూటు వల్లే అని రాయమన్నావు. ఎముక బుడిపె సంగతి నిజమే రాశాను, ఒక్క అక్షరం కల్పించలేదు. కానీ అది రాస్తున్నప్పుడు కూడా బల్ల కింద నా కాలు సలుపుతూనే ఉంది. బూటుకీ దీనికీ సంబంధం లేదని రాసిన చేత్తో, ఈ వాపు మాత్రం నీ బూటు వల్లే అని ఎలా రాయను. నువ్వు గడియారాలాయనతో కొట్టు ముందు కూర్చున్నానని రాశాక అసలు రాయలేకపోయాను.

కోయించుకుంటాననడం అందుకే. బుడిపె లేకపోతే నీ బూట్లు అక్కర్లేదు. నీ బూట్లు అక్కర్లేకపోతే నీకు చెప్పక్కర్లేదు. నీకు చెప్పడం కంటే ఎముక కోయించుకోవడమే తేలిక అనిపించింది. రాసి చూసుకుంటే ఎంత తెలివితక్కువగా ఉందో తెలుస్తోంది.

బుడిపె నువ్వు చేసింది కాదు. వాపు నీ బూటు చేసింది. రెండూ నిజమే. ఇంక నేను దాచింది ఏమీ లేదు.

ఆరె కింద పెట్టకు.

నీ బాతు


ఆగస్టు 22

బాతుకి,

ఉత్తరమే ముందు వచ్చింది.

బూట్లు మర్నాడు వచ్చాయి. దూది తీసి చెయ్యి పెట్టాను. తప్పు ఎక్కడుందో వెంటనే తెలిసింది. చెప్తాను.

కిందటేడు నువ్వు కొలతలిచ్చి వెళ్ళాక నీ చెక్క అచ్చుకి చెదలు పట్టాయి. కొత్తది చెక్కాను. చుట్టుకొలతలు పట్టీలో ఉన్నాయి, అవి సరిగ్గానే వచ్చాయి. బుడిపె ఎంత ఎత్తున ఉందో పట్టీ చెప్పదు. అది చూసి తెలుసుకోవాలి, లేదా చేతికి గుర్తుండాలి. నాకు గుర్తుంది కదా అనుకుని తోలు బిళ్ళ అతికించాను. ఇప్పుడు బూటు లోపల కొలిచి చూస్తే, నేను చోటు వదిలింది చీలమండ పక్కనే. నీకు తొమ్మిదో పదో ఏళ్ళున్నప్పుడు అది అక్కడుండేది. ఇప్పుడు నాలుగు వేళ్ళు పైకి వెళ్ళింది. సరిగ్గా అక్కడికి కుట్టు పెట్టాను.

నా చేతికి గుర్తున్నది చిన్నపిల్ల కాలు. దాని కోసం చోటు వదిలి, నీ కాలు నొక్కేశాను.

నాలుగు రోజులు కొట్టు తెరవలేదు. మీ అమ్మ అనుకున్నది సగం నిజం. ఐదో రోజు గడియారాలాయన తలుపు తట్టి, "ఏమయ్యా, నేను బాగుచేసిన గడియారాలు వెనక్కి రాని వారం ఉందా, నేను తలుపులేసుకున్నానా" అన్నాడు. ఆయనకి సంగతంతా చెప్పాను. "ఆ పిల్ల ఏడాది కుంటింది, నువ్వు నాలుగు రోజులు పడుకున్నావు, ఇంక చాల్లే" అన్నాడు.

ఆపరేషను సంగతి. నీ కోసమైతే కోయించుకో, నేను అడ్డు చెప్పను. నా కోసమైతే వద్దు. నిద్రపోతున్నదాన్ని లేపవద్దని మీ డాక్టరమ్మే అంది కదా.

నొప్పిగా ఉంటే నొప్పి అని చెప్పు. నేను బాధ పడతాను. పడనీ. బాధ పడితే విప్పి మళ్ళీ కుడతాను. నువ్వు చెప్పకపోతే నేను అదే తప్పు మళ్ళీ కుడతాను.

పట్టీ ఇంక పంపకు. వచ్చే వారం బస్సెక్కుతున్నాను. నీ కాలు నేనే చూసుకుంటాను. నేను వస్తున్నానని మీ డాక్టరమ్మకి చెప్పకు. ఆవిడ పలకరిస్తే నాకు ఏం మాట్లాడాలో తెలియదు.

మీ అమ్మకి చెప్పు, ఆ మాట చుట్టాల ముందు అనుకోనీ. నాకిప్పుడు ఫర్వాలేదు.

మామయ్య


అక్టోబరు 5

మామయ్యకి నమస్కారం.

పార్సెలు అందింది. నీ కోసం రెండు వారాలు తొడిగి తిరిగి, అప్పుడు రాస్తున్నాను. తొడిగిన రోజే బాగున్నాయని రాసేస్తే నువ్వు నమ్మవు.

నువ్వు వెళ్ళిన దగ్గరనుంచీ అందరూ నీ గురించే. డాక్టరమ్మకి చెప్పలేదు కానీ ఆవిడే కనిపెట్టేసింది. నువ్వు మా ప్రయోగశాల వరండాలో నేలమీద కూర్చుని నా కాలు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని వేలితో తడుముతుంటే ఆవిడ తలుపు దగ్గరే నిలబడి చూసిందట. నువ్వు కళ్ళు తెరిచేలోపల వెళ్ళిపోయిందట. "మీ మామయ్యని పలకరిద్దామనుకున్నాను, పని చెడగొట్టినట్టు అవుతుందని మానేశాను" అంది. బతికిపోయావు.

నీటి సంచి పోయింది. ఎముకల డాక్టరు నొక్కి చూసి, "ఇప్పుడు కోయాల్సిన పనేం లేదు" అన్నాడు. ఆగస్టులో నేను ఆపరేషనుకి రాలేదని కాస్త కోపంగా ఉన్నాడు. ఎముక అలాగే ఉంది. ఉండనీ. ఈ మధ్య మా దగ్గరికి ఎవరిదో ఇలాంటి బుడిపె వస్తే, నానబెట్టి, కోసి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో పెట్టాను. డాక్టరమ్మ పిలిచి చూడమంది. మెత్తటి టోపీలో కణాలు పక్కకి తిరిగినా వరస కట్టడం మానలేదు. పిల్లల ఎముకలో లాగే ఒకదానిమీద ఒకటి బుద్ధిగా నిలబడి ఉన్నాయి. చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

ఇంక అసలు సంగతి. ఎడమ బూటు చాలా బాగుంది. బుడిపె ఉందన్న సంగతే మరిచిపోతున్నాను.

కుడి బూటు బాగాలేదు మామయ్యా. బొటనవేలు దగ్గర బిగుతుగా ఉంది. మధ్యాహ్నానికి గోరు నొప్పెడుతోంది. ఎడమ దాని మీదే దృష్టంతా పెట్టి కుడి దాన్ని తేలిగ్గా తీసుకున్నట్టున్నావు. పైగా నడుస్తుంటే కిర్రుమంటోంది. రంగులేసే అమ్మాయి నేను వచ్చేది రెండు గదుల అవతలనుంచే చెప్తోంది. అమ్మ పక్కనే ఉండి "ఇంకా రాయి, మడమ కూడా వంకరగా ఉందని రాయి" అంటోంది. మడమ వంకరగా లేదు, బాగుంది.

కుడి బూటు ఒక్కటే పంపుతున్నాను. విప్పి సరిచేసి పంపు. తొందరగా.

నీ బాతు


అక్టోబరు 12

బాతుకి,

బూటు అందింది. నువ్వు చెప్పింది నిజమే. ముందు భాగం పొడుగు చాలలేదు. కిర్రుమనేది అడుగుతోలు ఆరకముందే కుట్టినందుకు.

విప్పేశాను. అచ్చు మీద ఎక్కించాను. వచ్చే వారం పంపుతాను.

మడమ మళ్ళీ చూశాను. మీ అమ్మ అన్నది కూడా కొంచెం నిజమే.

మామయ్య